మా రోజుల్లో పుస్తకం స్టేషన్‌ది

తెనాలి బజారులో ఏ బియ్యం కొట్టుకు వెళ్లినా బస్తా మీద బీపీటీ అని కనిపిస్తుంది. కొట్టతను కూడా "బీపీటీ పాతవి ఉన్నాయి, కొత్తవి ఉన్నాయి, ఏవి ఇమ్మంటారు?" అనే అడుగుతాడు. పూర్తి పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. 5204 అనేది ఏ వ్యాపారీ పెట్టిన మార్కా కాదు, ఏ మంత్రిగారూ పెట్టిన పేరు కాదు. బాపట్ల వరి పరిశోధన స్థానం రికార్డుల్లో ఆ వంగడానికి పడ్డ నంబరు. 1986లో సాంబ మసూరి అని పేరు పెట్టి విడుదల చేశారు. అయినా రైతు, మిల్లరు, ఇల్లాలు అందరూ బాపట్ల పేరునే పట్టుకున్నారు. శాస్త్రవేత్తల పుస్తకంలోంచి బయటికి వచ్చి జనం నోట ఇంతగా నిలిచిపోయిన రికార్డు గుర్తు తెలుగు దేశంలో ఇంకొకటి నాకు తెలియదు.

ఆ నంబరు వెనకాల పుస్తకాలున్నాయి. మడి గట్టు మీద నిలబడి రాసిన పొలం పుస్తకాలు. నా గొడవంతా వాటి గురించే. ఇవాళ పరిశోధన చేసే పిల్లల్ని "నీ నోట్సు చూపించు" అని అడిగితే ఫోను తీస్తారు. "సిగ్నల్ లేదు సార్, ఆఫీసుకెళ్లాక చూపిస్తా" అంటాడు ఒకడు. "అది మా పాత గైడ్‌గారి అకౌంట్లో ఉంది, ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు" అంటాడు ఇంకొకడు. "బ్లాగులో పెట్టాను సార్, లింకు పంపిస్తా" అంటాడు మూడోవాడు. ఆ లింకు నొక్కితే ఫొటోలు కనపడతాయి, సన్మానం కనపడుతుంది, అంకె కనపడదు. నాకు ఒళ్లు మండుతుంది. ఇది వయసు మీదపడినవాడి చాదస్తం అని కొట్టిపారెయ్యకుండా చివరిదాకా చదవండి.

మాది రేపల్లె పక్క పల్లె. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నాను. 1945లో పెట్టిన కళాశాల అది. వరి, చవుడు నేలలు, కాలువ నీళ్లు, తుఫాన్లు అన్నీ ఒక్కచోట చూసి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ తర్వాత ఉద్యోగమంతా పరిశోధన స్థానాల్లో, వరి మళ్లలోనే గడిచింది. రిటైరై తెనాలిలో స్థిరపడ్డాను. కాబట్టి నేను మాట్లాడేది విన్నది కాదు, చేసింది.

కొత్త వరి వంగడం ఎలా పుడుతుందో తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే తప్ప పుస్తకం విలువ తెలియదు. సాయంత్రం పూట, పొట్టలోంచి సగానికి పైగా బయటికి వచ్చిన కంకిని ఎంచుకుంటాం. మర్నాడు విచ్చుకోబోయే పూల కొసలు కత్తెరతో తీసేసి, ఒక్కో పువ్వులో ఉండే ఆరు పుప్పొడి తిత్తుల్నీ చిన్న చిమటాతో బయటికి లాగుతాం. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తనకు తానే గింజ కట్టుకుంటుంది, సంకరం చెడిపోతుంది. అంతా అయ్యాక కంకికి బటర్ పేపరు సంచి తొడిగి చీటీ కడతాం. మర్నాడు తొమ్మిదిన్నర, పది గంటల వేళ, వరి పువ్వు విచ్చుకునే టైముకి, మగ రకం కంకి తెచ్చి దాని మీద పుప్పొడి దులిపి మళ్లీ సంచి తొడుగుతాం. గింజ ముదిరేదాకా నెల రోజులు దానికి కాపలా కాస్తాం.

ఆ చీటీ మీద ఏం రాయాలో మా గురువులు కొట్టి నేర్పినంత పని చేశారు. ఆడ మొక్క పేరు ముందు, మగ మొక్క పేరు తర్వాత. తిత్తులు తీసిన తేదీ, పుప్పొడి చల్లిన తేదీ, చేసినవాడి పొడి అక్షరాలు. అదీ పెన్సిల్‌తోనే. సిరా పెన్నుతో రాస్తే ఒక్క వానకి చీటీ మీద నీలం మరక తప్ప ఏమీ మిగలదు. పెన్సిల్ గీత వానలో తడిసినా, మంచులో నానినా, బురదలో పడి ఎండినా చదవడానికి వస్తుంది. చీటీ మీద రాసింది రాసినట్టు అక్కడే, ఆ గట్టు మీదే, పుస్తకంలో ఎక్కాలి. "గదికి వెళ్లి రాసుకుంటానండీ" అంటే మా సార్లు పొలంలోనే నిలదీసేవారు.

ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. మొదటి తరం మొక్కలు అన్నీ ఒక్కలా ఉంటాయి. రెండో తరంలో వేల మొక్కలు, ఏ రెండూ ఒకలా ఉండవు. అందులో నచ్చిన మొక్కలకి నంబర్లు వేస్తాం. అయిదో మొక్క నచ్చిందనుకోండి, దాని గింజల్ని విడిగా ఒక వరస వేస్తాం. ఆ వరసలో మూడో మొక్క బాగుంటే అది 5-3. దాని పిల్లల్లో ఒకటోది తీసుకుంటే 5-3-1. ఇలా ఆరేడు తరాలు, మొక్కలన్నీ సమంగా వచ్చేదాకా. అప్పుడు దానికి స్థానం నంబరు పడుతుంది. ఆ మీదట పోల్చి చూడటానికి పక్కన చెక్ రకం పెట్టి దిగుబడి పరీక్షలు, వేరే స్థానాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు, అంటే చిన్న విత్తన సంచులు. అన్నీ దాటేసరికి పదేళ్లు గడుస్తాయి. ఈ పదేళ్లలో ఏ ఒక్క సీజను పుస్తకం పోయినా గొలుసు తెగిపోయినట్టే. మొక్క ఉంటుంది, దాని పుట్టుపూర్వోత్తరాలు ఉండవు.

సాంబ మసూరి వంశం చూడండి. జీఈబీ 24ను టీఎన్ 1తో కలిపి, దాన్ని మసూరితో కలిపారు. జీఈబీ 24 కోయంబత్తూరు వరి పరిశోధన స్థానం నుంచి 1921లో వచ్చింది. జీఈబీ అంటే గవర్నమెంట్ ఎకనామిక్ బోటనిస్ట్, అప్పటి ఒక ఉద్యోగం పేరు. టీఎన్ 1 తైవాన్‌లో పుట్టిన పొట్టి రకం, 1960ల్లో మన దేశానికి వచ్చింది. మసూరి మలేషియాలో 1965లో విడుదలైంది. మూడు దేశాల వరి బాపట్ల మడిలో కలిసింది. దేని గింజ దేన్లో పడిందో ఇవాళ మనం ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే, చేసినవాళ్లు చేసిన రోజున రాశారు కాబట్టి. ఎవరి జ్ఞాపకశక్తీ దీనికి సాక్ష్యం కాదు.

మా రోజుల్లో పుస్తకానికి కట్టుబాట్లుండేవి. పేజీలకు ముందే నంబర్లు వేసుకోవాలి. పేజీ చించకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనపడాలి, పక్కన పొడి అక్షరాలు వేసి తేదీ వెయ్యాలి. తెల్ల ఇంకు పూయడం అంటే దొంగతనం కింద లెక్క. ఖాళీ గడి వదలకూడదు. మొక్క చచ్చిపోతే చచ్చిపోయిందని రాయాలి, ఎలుక కొడితే ఎలుక కొట్టిందని రాయాలి. వాన కొలత ఉదయం ఎనిమిదిన్నరకు తియ్యాలి, వాతావరణ శాఖ వాళ్లు దేశమంతటా పాటించే వేళ అది. తొమ్మిదికి తీసి ఎనిమిదిన్నర అని రాసినవాడు మా కళ్లల్లో శాస్త్రవేత్త కాదు.

అంకెల గడులన్నీ అయ్యాక చివర వెడల్పాటి గడి ఒకటి ఉండేది, రిమార్కులు అని. పూత రోజులు, మొక్క ఎత్తు, దుబ్బుకి కంకులు, వెయ్యి గింజల బరువు ఇవన్నీ ఎవరైనా కొలుస్తారు. పనివాడెవడో ఆ చివరి గడి చెబుతుంది. "పడమటి గట్టు పక్క నాలుగు వరసలకి నీరు ముందు అందింది, ఆకుపచ్చ ఎక్కువ." "గాలివాన తర్వాత రెండో రోజుకి 18వ వరస లేచి నిలబడింది, 19 లేవలేదు." "సుడిదోమ మడి నడిమధ్యన మొదలైంది, గట్టు వైపు లేదు." "నూర్చేటప్పుడు గింజ తేలిగ్గా రాలింది." ఇలాంటి మాటలు రాసిన పేజీ చూస్తే రాసినవాడు ఎన్నిసార్లు ఆ మడి చుట్టూ తిరిగాడో తెలిసిపోతుంది.

మన డెల్టాలో ఈ గడి మరీ ముఖ్యం. తెనాలి దగ్గర కాలువకి నీరు వచ్చిన రోజుకి, రేపల్లె దాటి నిజాంపట్నం వైపు చివరి భూములకి నీరు చేరే రోజుకి ఎంతో తేడా. నీరు ఆలస్యమైతే నారు ముదురుతుంది, ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. సముద్రం వైపు వెళ్లేకొద్దీ చవుడు. ఒకే మడిలో ఒక మూల తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఇంకో మూల బంగారం పండుతుంది. ఈ సంగతులు రాయకుండా ఒట్టి దిగుబడి అంకె పట్టికలో వేస్తే, పాపం మంచి రకం చెడ్డదని పక్కకు పోతుంది, చెడ్డ రకం మంచిదని రైతు నెత్తిన పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి. పుస్తకం స్టేషన్‌ది, రాసినవాడిది కాదు. ప్రభుత్వ కొలువులో బదిలీ తప్పదు. సంకరం చేసినవాడు ఒకడు, నాలుగో తరం ఎంచుకున్నవాడు ఇంకొకడు, విడుదల రోజున వేదిక మీద ఉన్నవాడు మరొకడు. పదేళ్ల పని ఒక్కడి చేతుల్లో పూర్తికావడం అరుదు. అందుకే ఛార్జి అప్పగించే రోజున బీరువా తాళాలతో పాటు పొలం పుస్తకాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి సంతకం తీసుకునేవాళ్లం. కొత్తగా వచ్చినవాడు ముందు వారం రోజులు మడిలోకి దిగకుండా పాత పుస్తకాలు చదవాలి. చదివాక ఆ పుస్తకం పట్టుకుని మడిలోకి వెళ్తే, పాతవాడు పక్కన నిలబడి చెబుతున్నట్టే ఉండాలి. ఎవడో తెలియని తర్వాతివాడి కోసం రాయడం, అదీ మాకు నేర్పిన విద్య.

ఇప్పుడు రోజులు మారాయి. మారిన వాటిలో మంచివి నేను కాదనను. మంచిని మంచి అనకపోతే నా పెద్దరికం ఎందుకు? అమెరికాలో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు పొలం పుస్తకానికి బదులుగా ఫోన్‌లో నడిచే ఫీల్డ్ బుక్ అనే పరికరం తయారుచేసి 2014లో లోకానికి ఉచితంగా ఇచ్చారు. వరస ముందు నిలబడి అంకె నొక్కితే తేదీ, టైము అదే వేసుకుంటుంది. చీటీ మీద గీతల కోడ్ చూపిస్తే వరస నంబరు పొరపాటు పడదు. ఫొటో తీసి ఆ మొక్క పక్కనే కట్టిపెడుతుంది. నెట్ లేకపోయినా పని చేస్తుంది. ఇలాంటిది మాకుంటే ఎన్ని రాత్రులు నకలు రాసే పని తప్పేదో! బంగారం లాంటి పరికరం.

శాస్త్రం కూడా ముందుకు పోయింది. మన సాంబ మసూరికి బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద శాపం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, నేటి భారత వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని డీఎన్ఏ గుర్తుల సాయంతో అందులోకి చేర్చి 2008లో మెరుగుపరిచిన సాంబ మసూరి ఇచ్చాయి. 2025 మే నెలలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటించింది. ఒకటి కమల, అది సాంబ మసూరిని సవరించి చేసింది. రెండోది మన మారుటేరు స్థానం వారి ఎంటీయూ 1010ను సవరించి చేసింది. దేశంలో మొదటి జన్యు సవరణ వరి రెండూ తెలుగు స్థానాల వంగడాల మీదే నిలబడ్డాయి. గర్వపడాల్సిన సంగతి. అయితే ఒక్క మాట. కొత్తవాళ్లు పునాదిగా తీసుకున్నది పెన్సిల్‌తో రాసిన పాత నంబర్లనే. ఇవాళ వీళ్లు రాస్తున్న వాటి మీద 2060లో ఎవరైనా ఇల్లు కట్టగలరా? నా భయం అదీ.

భయం ఊరికే రాలేదు. మొదటిది, పరికరం ఏం అడిగితే అదే రాస్తున్నారు. గడిలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె నొక్కమంటే నొక్కుతారు. రిమార్కుల గడి కూడా ఉంటుంది, దాన్ని తెరిచేవాడు లేడు. ఎండలో చిన్న తెర మీద వేలితో నాలుగు వాక్యాలు కొట్టడం కష్టం. అందుకని కొట్టరు. పుస్తకంలో మడి మొత్తం కనపడేది. ఇప్పుడు మడి పోయి అంకెలు మిగిలాయి.

రెండోది, కంప్యూటర్ పట్టికల తెలివి. మనవరాలి వయసున్న ఒక పరిశోధక విద్యార్థిని తన పట్టిక చూపించడానికి తెనాలిలో మా ఇంటికి వచ్చింది. వంశ సంఖ్యల వరస మొత్తం తేదీలతో నిండి ఉంది. 5-3-1 అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆ పట్టిక దాన్ని 2001 మార్చి 5 చేసేసింది. 7-2-4 అనేది 2004 ఫిబ్రవరి 7 అయింది. "అమ్మా, ఇది ఏ మొక్క పిల్ల?" అని అడిగితే ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఈ జబ్బు మన ఊళ్లదే కాదు. జన్యువుల్లో మార్చ్1, సెప్ట్2 అనే పేర్లుండేవి, వాటినీ ఆ పట్టికలు తేదీలుగా మార్చేసేవి. జన్యు పట్టికలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో లెక్క తేల్చారు. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. పరికరాన్ని మార్చలేక శాస్త్రం తన పేర్లు మార్చుకుంది! పెన్సిల్ నా చేతిలో ఎప్పుడూ నేను రాసింది కాకుండా ఇంకొకటి రాయలేదు.

మూడోది అన్నిటికన్నా ఘోరం. నోట్సు ఎవరిదో తెలియకుండా పోయింది. ఒక స్థానంలో, ఊరు పేరు చెప్పను, ప్రాజెక్టు డబ్బుతో ఆన్‌లైన్ నోట్‌బుక్ ఒకటి కొన్నారు. అందరూ అందులోనే రాయాలన్నారు, కాగితం పుస్తకాలు మానేయించారు. ప్రాజెక్టు ముగిసింది, చందా కట్టేవాడు లేడు, అకౌంటు మూతపడింది. అందులో చేర్చుకున్న వరసల వివరాల కోసం కొత్తగా వచ్చిన కుర్రాడు అందరి కాళ్లూ పట్టుకున్నాడు. పాతాయన ఫోన్‌లో సగం, ఇంకొకాయన ఈమెయిల్లో పావు దొరికాయి. మిగతావి దొరకలేదు. మడిలో మొక్కలు నిలబడే ఉన్నాయి, వాటికి పేరూ ఊరూ లేవు. వాటన్నిటినీ కోసి కుప్పేసి ధాన్యం కింద అమ్మేశారు. ఆ మాట విన్న రోజున నాకు అన్నం సయించలేదు.

పెద్ద పెద్ద కంపెనీల పరికరాలు కూడా శాశ్వతం కాదు. గూగుల్ నోట్‌బుక్ అని 2006లో వచ్చింది, 2012కి మూసేశారు. శాస్త్రవేత్తలు తాము చదివిన పత్రాల గుర్తులు దాచుకునే కనోటియా 2004లో వచ్చి 2013లో పోయింది. ఎందరో మాస్టర్లు, పరిశోధకులు పేజీలు పెట్టుకున్న వికీస్పేసెస్ కూడా ఆగిపోయింది. అదే ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట 1843లో గోధుమ మడి మీద మొదలుపెట్టిన ప్రయోగం రికార్డుల్ని ఇవాళ్టికీ తీసి వాడుకుంటున్నారు. వాటిని ఆ సంస్థ తన సొంత ఆస్తిగా చూసుకుంది కాబట్టి అవి ఉన్నాయి.

బ్లాగుల మాటకొస్తే, శాస్త్రవేత్త తన పని జనానికి చెప్పడం నాకు ఇష్టం. మేమూ చెప్పాం. ఆకాశవాణిలో రైతుల కార్యక్రమాలకు మాట్లాడాం. 1969లో అన్నదాత పత్రిక వచ్చాక రైతుల ఉత్తరాలకు జవాబులు రాశాం. రేపల్లె బండిలో కూర్చుని వెళ్తుంటే ఎదురుగా కూర్చున్న రైతు "మీరు రాసినట్టే చేశానండీ, దోమ ఆగలేదు" అని మొహం మీదే అనేవాడు. మేం రాసిన మాటకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. అందుకని ఒక వాక్యం రాసేముందు పుస్తకం తీసి చూసుకునేవాళ్లం. ఇప్పుడు విత్తనం మొలిచిన రోజునే పోస్టు పెడతారు. మంచి మడి ఫొటో పెడతారు, చచ్చిన మడి ఫొటో పెట్టరు. మూడు నెలల తర్వాత ఆ మంచి మడి ఏమైందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

బ్లాగును శాస్త్రవేత్త వాడాల్సిన తీరులో వాడిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. జాన్ క్లాడ్ బ్రాడ్లీ అనే రసాయన శాస్త్రవేత్త, అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, 2014లో పోయాడు. మలేరియా మందుల కోసం తన ప్రయోగశాలలో జరిగే పని నోట్సు మొత్తం, ఏ రోజుది ఆ రోజు, లోకానికి తెరిచి పెట్టాడు. ఓపెన్ నోట్‌బుక్ సైన్స్ అని 2006లో దానికి పేరు పెట్టాడు. ఫలించని ప్రయోగాలు కూడా అందులో ఉండేవి. దాచిపెట్టడం లేదు, పాలిష్ చెయ్యడం లేదు. ఆయన గురించి తెలిసినప్పుడు నాకు మా స్టేషన్ బల్ల మీద తెరిచి ఉండే పొలం పుస్తకమే కళ్ల ముందు కదిలింది. కాబట్టి ఆన్‌లైన్ మీద నాకు పగ లేదు. ఆయనలా వాడితే చేతులెత్తి దండం పెడతాను. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆయన ఆ పేజీలు పెట్టింది నేను ఇందాక చెప్పిన వికీస్పేసెస్ లోనే. మనిషి ఎంత నిజాయితీపరుడైనా, పుస్తకం పరాయివాడి అరుగు మీద పెడితే ఎప్పుడో ఒకనాడు అరుగు ఖాళీ చెయ్యాల్సిందే.

మలేరియా అంటే గుర్తొచ్చింది. ఆ జబ్బు దోమ వల్ల వస్తుందని తేల్చిన పని మన సికింద్రాబాద్‌లోనే జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో పరాన్నజీవి కణాలు చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తేదీని దేశదేశాల్లో దోమల దినంగా జరుపుకుంటున్నాం. ఫలానా తేదీన ఫలానాది చూశానని రాసుకున్నాడు కాబట్టే ఆ రోజుకి అంత ఖ్యాతి. "ఆగస్టులో ఎప్పుడో చూశాను" అంటే ఎవరు నమ్మేవారు?

పిల్లలు నాతో వాదిస్తారు. వాదించాలి కూడా. ఇందాక చెప్పిన అమ్మాయే అడిగింది. "సార్, మీ పుస్తకాలకు చెదలు పట్టలేదా? తుఫాన్లలో తడవలేదా? ఒక్క పుస్తకం కాలిపోతే అంతా పోయినట్టే గదా?"

"నిజమే అమ్మా," అన్నాను. 1977 నవంబరు 19 తుఫాను సంగతి ఈ ప్రాంతంలో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దివిసీమను ముంచిన ఉప్పెన, ఇటు మా రేపల్లె తీరాన్నీ బాపట్లనూ కూడా చావగొట్టింది. మనుషులే పోయిన చోట కాగితాల గురించి మాట్లాడేవాడు లేడు. కాగితం తడుస్తుంది, చెదలు తింటాయి, మాకు తెలుసు. అందుకే రెండు రకాల పుస్తకాలుండేవి. పొలంలో పెన్సిల్ పుస్తకం ఒకటి, ఆఫీసులో సిరాతో నకలు రాసిన రిజిస్టరు ఒకటి. ఏడాది చివర నివేదికలో అచ్చు పడేది. ఆ నివేదిక వేరే స్థానాలకు వెళ్లేది. ఒకచోట పోతే ఇంకొకచోట దొరికేది. కంప్యూటర్ ఇచ్చే గొప్ప వరం ఇదే, నకలు క్షణంలో అవుతుంది. ఆ వరాన్ని ఎందుకు వాడుకోరు? అన్నీ ఒక్క కంపెనీ దగ్గర, ఒక్క మనిషి పాస్‌వర్డ్ కింద పెట్టుకుని కూర్చుంటే, మా ఒక్క పుస్తకం కంటే అన్యాయం గదా?

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "మీ పెన్సిల్ పుస్తకం బీరువాలో ఉంటే నేను బాపట్ల వస్తేగాని చూడలేను. ఆన్‌లైన్‌లో ఉంటే రేపల్లెలో కూర్చుని చూడగలను. ఆ తేడా లేదా?" అంది. ఉంది. ఒప్పుకుంటాను. ఆ మాట కోసమే నేను అడుగుతున్నది, పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి అందరికీ తెరవండి అని. ఏ బీరువాల్లో ఏమున్నాయో చూసేవాళ్లు లేరు. రిటైరైన మాలాంటివాళ్లం ఇంకా బతికున్నప్పుడే ఆ పని జరగాలి. ఆ చేతిరాతలు చదవగలిగినవాళ్లం, "ఈ గుర్తుకి అర్థం ఇదీ" అని చెప్పగలిగినవాళ్లం మేమే.

కాబట్టి వరి మళ్లలో, ప్రయోగశాలల్లో పనిచేస్తున్న పిల్లలకు నా విన్నపం ఇదీ. ఏ పరికరమైనా వాడండి, ఫోనైనా సరే, కాగితమైనా సరే. చూసిన చోట, చూసిన రోజున రాయండి. రిమార్కుల గడి ఖాళీగా వదలకండి, వేలితో కొట్టలేకపోతే గొంతుతో చెప్పి రికార్డు చెయ్యండి. చచ్చిన మొక్కని చచ్చిందనే రాయండి. వంశ సంఖ్యలు పట్టికలో వేసేముందు ఆ గడిని అక్షరాల గడిగా మార్చండి, అప్పుడు అది తేదీ కాదు. ప్రతి సీజను చివరా మొత్తం నోట్సు ఎవరైనా తెరవగలిగే సాదా ఫైలుగా దింపి, ఒక ప్రతి స్టేషన్‌లో, ఒక ప్రతి విశ్వవిద్యాలయంలో ఉంచండి, ఒకటి అచ్చు తీసి కుట్టించండి.

స్థానాల అధిపతులకూ ఒక మాట. నోట్‌బుక్ పరికరం కొనేటప్పుడు ధర అడుగుతున్నారు, రంగులు చూస్తున్నారు. చందా ఆగిన మర్నాడు మా రాతలు మా చేతికి ఏ రూపంలో వస్తాయని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే కొనకండి. అకౌంటు మనిషి పేరు మీద కాకుండా స్థానం పేరు మీద తెరవండి. బదిలీ అయినవాడికి రిలీవింగ్ ఉత్తర్వు ఇచ్చేముందు, తర్వాతివాణ్ణి పక్కన కూర్చోబెట్టి నోట్సు తెరిపించి, ఏదో ఒక వరస వంశం మొదటి సంకరం దాకా చూపించమనండి. చూపించగలిగితేనే సంతకం పెట్టండి. చూపించలేకపోతే అక్కడ పరిశోధన జరగలేదనే రాయండి.